పగటి పిల్లలు

నంద్యాల,
9 జూలై 1979.

అత్తమ్మకు, మీ కోడలు లూదియా నమస్కరించి రాస్తున్నది.

దేవుని దయవల్ల ఆయనా నేనూ బాగున్నాము. మామ మోకాలికి నూనె రాస్తున్నారా? ఆయనకు డిపోలో శ్రీశైలం రూటు వేశారు. ఒక రోజు పోతే మరునాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరుతున్నారు. కండక్టరు సంచి దింపి, రెండు ముద్దలు తిని పడుకుంటారు.

శనక్కాయల చేలో కలుపు ఉంది, నంద్యాలలో ఒక్కదానివి ఏం చేస్తావు, వచ్చి నాలుగు నెలలు ఉండు అని మీరు రాశారు. రాకూడదని కాదు అత్తమ్మా. ఇక్కడ చిన్న పని ఒకటి వచ్చింది.

మా పక్క వాటాలో రామేశ్వరమ్మ అనే టీచరమ్మ ఉంది. ఆమె భర్తకు సున్నిపెంటలో డ్యామ్ ఆఫీసు ఉద్యోగం, పదిహేను రోజులకొకసారి వస్తాడు. మూడేళ్ళ కొడుకు ఓబులేసును ఆమె అత్త చూసుకునేది. ఆ ముసలామె ఉయ్యాలవాడకు పెద్దకొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. టీచరమ్మ పిల్లవాణ్ణి వెంట బడికి తీసుకుపోతే హెడ్మాస్టరు కోప్పడ్డాడట. ఒక రోజు గోడ మీదుగా, "లూదియమ్మా, ఒక్క పూట వీన్ని సూస్తావా?" అని అడిగింది. సరే అన్నాను. అప్పటి నుంచి పగలు మా ఇంట్లోనే ఆడుకుంటున్నాడు. అంతే.

నేను ఎలాంటిదాన్నో మీకు తెలుసు. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, ఏడ్చి, కూర్చున్నదాన్ని. ఈ పిల్లవాడి దగ్గర మాత్రం నాకు ఎక్కడ లేని మాటలు వస్తున్నాయి. అందుకే ఈసారికి రాలేనని రాస్తున్నాను. కోపం చేసుకోకండి.

మీ కోడలు
లూదియా


ఆళ్లగడ్డ,
20 జూలై 1979.

లూదియాకు ఆదెమ్మ రాయడం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక్క పిల్లవాడు అని రాశావు. మొన్న యేసుదాసు వచ్చి, అన్నం తింటూ నోరు జారాడు. ముగ్గురట. "వాండ్లు బలే ఉంటారమ్మా" అని మళ్ళీ నవ్వు కూడా. మొగుడి నోట వచ్చిన మాట పెళ్ళాం ఉత్తరంలో ఎందుకు లేదు?

నీకు పిల్లల్లేరు. పెంచడం నీకేం తెలుసు? జ్వరం వస్తే ఎవరిది తప్పు? మెట్టు మీద నుంచి పడితే ఎవరిది? ఆ టీచరమ్మ వాళ్ళు భూములున్నవాళ్ళని విన్నాను. వాళ్ళ పిల్లవాడు మన ఇంట్లో తింటున్నాడని రేపు వాళ్ళ ఊళ్ళో ఎవరైనా అంటే, మాట ఆమె మీద పడదు, నీ మీద పడుతుంది. నేను వాళ్ళ చేలల్లో కూలి చేసినదాన్ని, నాకు తెలుసు.

మామ మోకాలు అట్లాగే ఉంది. ఇక్కడ మనిషి కావాలి. ఆలోచించుకుని రాయి.

ఆదెమ్మ


నంద్యాల,
2 ఆగస్టు 1979.

అత్తమ్మకు,

ముగ్గురన్న మాట నిజం. భయపడి ఒక్కడని రాశాను. మన్నించండి.

రెండోది జిన్నింగు మిల్లులో పత్తి పని చేసే శివమ్మ కూతురు, రెండేళ్ళది. మూడోది ఆసుపత్రిలో నర్సు ఉమామహేశ్వరమ్మ పాప, ఇంకా పాకుతోంది. నెల మొదట్లో వాళ్ళకు తోచింది ఇస్తున్నారు. ఎవరినీ నేను పిలవలేదు. ఒకరిని చూసి ఒకరు వచ్చి అడిగారు.

దాచినది ఎలాగూ బయటపడింది కాబట్టి అన్నీ రాస్తాను. మా మిద్దె దూలానికి మూడు ఉయ్యాలలు కట్టాను. ఏ బిడ్డకు ఆ బిడ్డ తల్లి కట్టి విడిచిన పాత చీరే అడిగి తెచ్చుకున్నాను. వేరే గుడ్డలో వేస్తే గంటసేపు ఏడ్చే నర్సమ్మ పాప, తల్లి చీర వాసన తగలగానే కళ్ళు మూసింది. ఇది నాకెవరూ చెప్పలేదు. నాకే తోచింది. మూడు ఉయ్యాలల తాళ్ళూ కలిపి ఒక ముడి వేసి, నా కాలి బొటనవేలికి తగిలించుకుని, చేతులతో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ముగ్గురినీ ఊపుతాను. శివమ్మ చూసి, "నువ్వు మా మిల్లులో ఉంటే నాలుగు మిషన్లు ఒక్కదానివే నడిపేస్తావు పో" అన్నది.

ఓబులేసుకు వాళ్ళమ్మ క్యారేజీలో అన్నం పంపుతుంది. వాడు దాని మూత కూడా తీయనివ్వడు. నేను తినే తట్టలో జొన్నరొట్టె కావాలి వాడికి. టీచరమ్మతో ఆ మాట మొదటి రోజే చెప్పాను. "తింటే తిననీ" అన్నది.

నాకు పిల్లల్లేరని రాశారు. నిజమే. అయినా పొద్దున వాకిలి తెరిస్తే ముగ్గురు తల్లులు నా కోసం నిలబడి ఉంటారు అత్తమ్మా. ఐదో తరగతితో ఆగిపోయిన నా కోసం. నన్ను ఈ పని చేసుకోనివ్వండి.

లూదియా


ఆళ్లగడ్డ,
16 ఆగస్టు 1979.

లూదియాకు,

క్రిస్మసు దాకా చేసుకో. కలుపుకు మీ మామ అక్క కూతురిని పిలిపించాను.

కానీ ఒక్క మాట పడినా, ఒక్క బిడ్డకు ఏమైనా అయినా, ఆ ఉయ్యాలలు విప్పేసి బస్సెక్కి రావాలి. మళ్ళీ అడిగేది లేదు, చెప్పేది లేదు.

కాలికి తాడు కట్టుకుని గభాలున లేచావంటే ముగ్గురూ కింద పడతారు. చూసుకో.

ఆదెమ్మ


నంద్యాల,
22 అక్టోబరు 1979.

అత్తమ్మకు,

బాగున్నాము. మీరు, మామ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ వానలు తగ్గాయి. పిల్లలు బాగున్నారు. పోయిన వారం ఒక రోజు బస్సెక్కి ఊరికి వెళ్ళి వచ్చాను. ఆయనకు కొత్త యూనిఫాం ఇచ్చారు. శనక్కాయలు పీకడం అయిందా?

లూదియా


ఆళ్లగడ్డ,
29 అక్టోబరు 1979.

లూదియాకు,

నువ్వు బస్సెక్కావా? ఏ ఊరికి? యేసుదాసు లేకుండా చర్చికి కూడా పోనిదానివి.

రెండు నెలలుగా నీ ఉత్తరాల నిండా పిల్లల సంగతులే. ఎవడు బొగ్గు తిన్నాడు, ఎవతె ఎవతెను కొరికింది. మీ మామకు చదివి వినిపిస్తే పడీపడీ నవ్వుతున్నాడు. ఈ ఉత్తరంలో "పిల్లలు బాగున్నారు" అని రెండు మాటలు. ఎప్పుడు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. లేకపోతే నేనే బయలుదేరి వస్తాను.

ఆదెమ్మ


నంద్యాల,
4 నవంబరు 1979.

అత్తమ్మకు,

నేను తప్పు చేశాను. చదివిన తర్వాత మీరు ఏం చెప్పినా వింటాను.

అక్టోబరు పదిహేడున, మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, పిల్లలు నిద్రలో ఉన్నారు. వాకిట్లో మగమనిషి గొంతు వినపడింది. "ఓబులేసును ఇటియ్యమ్మా, తీసుకొని పోతా" అన్నాడు. టీచరమ్మ భర్త సున్నిపెంట నుంచి వచ్చాడని అనుకున్నాను. ఆయన మా పక్క వాటాలోనే ఉంటాడు కదా, పోల్చుకోలేవా అని అడుగుతారేమో. ఆయన వచ్చినప్పుడల్లా నేను కొంగు కప్పుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. ఇన్ని నెలల్లో ఆయన ముఖం ఒక్కసారీ చూడలేదు. ఆ రోజూ అంతే చేశాను. తల వంచుకుని, నిద్రపోతున్న బిడ్డను తీసి ఆ మనిషి భుజం మీద వేశాను.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది.

"ఓబులేసు యాడ?"

"మీ ఆయనొచ్చి ఎత్తుకొని పాయ గదక్కా."

"మా ఆయన సున్నిపెంటలో ఉండాడు! ఎవురొచ్చినారు? ఎట్లుండాడు?"

"నేను సూడలేదు."

"సూడకుండానే ఇచ్చినావా?"

"కాళ్ళు సూసినా. ఎడమకాలి బొటనేలికి గోరు లేదు."

"మా బావ. ఎద్దు తొక్కింది ఆ కాలు," అన్నది. ఆమె భర్త అన్న, ఉయ్యాలవాడ సంజీవయ్య. బిడ్డకు ప్రాణభయం లేదని అప్పుడు తెలిసింది. కానీ ఆమె భయం వేరు. "క్రైస్తవులింట్లో పెరగతాండాడని మా వాళ్ళకు ఎవురో సెప్పినారు. ఇంగ వాన్ని పంపరు. ఉద్యోగం మానేసి ఊరికి రమ్మంటారు," అన్నది.

అప్పుడే శివమ్మ తన కూతురి కోసం వచ్చింది. నర్సమ్మ పాపను కూడా ఆమెకు అప్పగించాను. "నేనిచ్చినా, నేనే తెస్తా పదక్కా," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు.

ఐదు గంటల బస్సు దొరికింది. అందులో కండక్టరు శేషయ్య, మన డిపో మనిషే. "ఏం వదినా, అన్న లేకుండా బయలెల్లినావే?" అన్నాడు. విషయం చెప్పాను. "ఇదే బస్సు ఉయ్యాలవాడ దాకా పోయి తిరిగొస్తాది. ఆడ అరగంట నిలబెడతా. అంతకు మించితే డ్రైవరు నన్ను తంతాడు. బిరీన రండి," అన్నాడు.

వాళ్ళది పెద్ద వాకిలి. సంజీవయ్య నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నడవలో ముసలామె పక్కన ఓబులేసు కనిపించాడు. టీచరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నలభైమంది పిల్లలకు పాఠం చెప్పే మనిషి, బావ ఎదుట నోరు విప్పకూడదని గోడ చాటున నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నది. నన్ను చూసుకున్నట్టే ఉంది అత్తమ్మా. ఇద్దరిలో ఎవరో ఒకరు మాట్లాడాలి. ఆమెకు వీల్లేదు. ఇక నేనే కదా.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

"మధ్యాన్నం పిల్లోన్ని మీ భుజాన ఏసినదాన్ని అప్పా."

"ఓహో! అప్పుడు తలకాయ కూడా ఎత్తలేదే. ఇప్పుడు నోరు గూడా వచ్చిందా?"

"ఎత్తకపోవడం నా తప్పే. అందుకే ఇప్పుడు ఎత్తి సూస్తాండా. పిల్లోని తల్లి గుమ్మంలో నిలబడుకొనింది. నేను ఆమెకు ఇయ్యాల."

"మా ఇంటి పిల్లోడు యా ఇంట్లో తింటాండాడో మాకు తెల్దనుకొన్యారా?"

"తింటాండాడు. దాపెట్టేదేముంది? క్యారేజీ అన్నం ముట్టడు, నా తట్టలో రొట్టె కావాలంటాడు, పెడతాండా. అది తప్పయితే ముఖం మీదనే నాకు సెప్పుండొచ్చు, తల్లికి సెప్పుండొచ్చు. నిద్దరపోయే పిల్లోన్ని మీరెవురో సెప్పకుండా ఎత్తుకొచ్చేదేంది అప్పా? మీ దొడ్లో దూడను ఎవురన్నా అట్ల తోలుకొనిపోతే మీరు ఊరుకొంటారా?"

నా చెవుల్లో నా గొంతే వినిపిస్తోంది. ఆయన లేచి నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. అప్పుడు నడవలో నుంచి ముసలామె అరిచింది.

"రేయ్ సంజీవా! ఇచ్చేయ్‌రా వాన్ని. లేసినకాడ్నించీ లూదెమ్మ యాడ, లూదెమ్మ యాడ అని నా పానం తీస్తాండాడు. నాకు వాని ఎంట పరిగెత్తే సత్తువుంటే నంద్యాల్నించి ఎందుకొస్తా? నీ పెండ్లాం సేన్లో ఉంటాది. రేపు వీన్ని ఎవురు సూస్తారు, నువ్వు సూస్తావా? ముడ్డి కడుగుతావా?"

ఆయన ఎద్దులకు మేత వేయాలన్నట్టు అటు వెళ్ళాడు. పోతూ పోతూ, "ఈసారన్నా మనిషి ముఖం సూసుకో," అన్నాడు. 

"సూసినా అప్పా. ఇంగ మళ్ళ వస్తే గుర్తుపడతా. గుర్తుపట్టినా ఇయ్యను," అన్నాను.

ఓబులేసును ఎత్తుకుని పరిగెత్తాము. బస్సు హారను కొడుతూనే ఉంది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. మరునాడు నర్సమ్మ పాపను తీసుకురాలేదు. మూడో రోజూ రాలేదు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. "తప్పు నాది. ఇకమీదట పొద్దున ఎవరు దింపితే సాయంత్రం వాళ్ళకే ఇస్తాను. వేరే మనిషిని పంపేదుంటే పొద్దున్నే చెప్పి పోవాలి. చెప్పకుండా వస్తే ఎవరైనా సరే, తల్లి వచ్చేదాకా కూర్చోవాలి. వాళ్ళ ముఖం చూస్తాను, పేరు అడుగుతాను," అని చెప్పాను. ఆమె, "నువ్వేనా ఇన్ని మాటలు మాట్లాడతాండేది?" అన్నది. సోమవారం పాపను తెచ్చింది.

ఒక్క మాట పడినా మూసేసి రమ్మన్నారు. మాట పడ్డాను. ఉయ్యాలలు ఇంకా విప్పలేదు. మీ జవాబు కోసం చూస్తున్నాను.

లూదియా


ఆళ్లగడ్డ,
13 నవంబరు 1979.

లూదియాకు,

నీ ఉత్తరం మీ మామకు చదివి వినిపించలేదు. నేనే చదువుకున్నాను.

నీకు ఒక సంగతి రాస్తాను. యేసుదాసుకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఇంట్లో చూసేవాళ్ళు లేరు. వాడి నడుముకు తుండుగుడ్డ చుట్టి, మంచం కోడుకు కట్టి, పక్కన చెంబుతో నీళ్ళు పెట్టి కూలికి పోయేదాన్ని. ఒక రోజు సాయంత్రం వచ్చేసరికి వాడు ఆ మంచాన్ని గడపదాకా ఈడ్చుకుని వచ్చి, గడప మీద తల పెట్టి పడుకుని ఉన్నాడు. అంత చిన్నవాడు అంత బరువు ఎట్లా ఈడ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఇది యేసుదాసుకు తెలియదు. నువ్వూ చెప్పొద్దు.

డిసెంబరు మొదటి వారంలో నంద్యాలకు వస్తున్నాను. నిన్ను తీసుకుపోవడానికో, ఊరికే చూసి పోవడానికో ఇంకా తేల్చుకోలేదు. వచ్చేదాకా ఉయ్యాలలు విప్పొద్దు.

ఆదెమ్మ


ఆళ్లగడ్డ,
11 జనవరి 1980.

లూదియాకు,

నేను నంద్యాల నుంచి వచ్చి నెలయింది. క్రిస్మసుకు మీరిద్దరూ వచ్చినప్పుడు ఇంటి నిండా జనం, మనం మాట్లాడుకున్నది లేదు. నేనూ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. అడగవని తెలుసు. అందుకే రాస్తున్నాను.

నేను నీ ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న రోజు, ఆ టీచరమ్మ భర్త నరసింహులు సున్నిపెంట నుంచి వచ్చాడు గుర్తుందా? సంచి భుజాన వేసుకుని, కొడుకును చూసే ఆత్రంలో నేరుగా నీ గుమ్మంలోకి వచ్చాడు. నువ్వు అడ్డం నిలబడ్డావు.

"నేనమ్మా, ఓబులేసు నాయన్ని," అన్నాడు పాపం.

"అయ్యుండొచ్చు. నేను మిమ్మల్ని ఎరగను," అన్నావు.

"ఏందీ? ఏడాదిగా పక్కింట్లోనే ఉండాను గదా!"

"ఉండారు. నేను సూడలేదు. టీచరమ్మ వచ్చి సెప్పేదాకా అరుగు మీద కూచోండి. మజ్జిగ తెస్తా."

"పిల్లోడు నాయనా అంటాండాడు గదమ్మా, ఇనపడ్లేదా?"

"వాడు పాలోన్ని గూడా నాయనా అంటాడు."

నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను, నువ్వు చూడలేదు. ఆఫీసు ఉద్యోగి, భూములున్నవాడు, గంటసేపు నీ అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగాడు. టీచరమ్మ వచ్చి, "ఈయనే లూదియమ్మా, ఇచ్చేయ్," అంటే అప్పుడు ఇచ్చావు. ఆయన పోతూ నీకు చేతులెత్తి మొక్కాడు. నా వయసులో నేను అటువంటిది చూడలేదు. ఆ కుటుంబాల మగవాళ్ళు మన వాకిట్లో కూర్చోవడమూ చూడలేదు, మొక్కడమూ చూడలేదు.

ఇక్కడ స్త్రీల కూడికలో ఈ సంగతి చెప్పాను. పాస్టరమ్మ రెండోసారి చెప్పించుకున్నది. "మా కోడలు" అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదని మీ మామ ఎగతాళి చేస్తున్నాడు. అనుకోనీ.

నిన్ను ఇక్కడికి రమ్మని ఇకమీదట రాయను. ఆ పని నీది. చేసుకో.

ఇంకొక సంగతి. పత్తి తీతకు పోయే ఇద్దరు ఆడవాళ్ళు, ఆ కూడికలో నా మాట విని, మరునాడు బిడ్డలను తెచ్చి నా నడవలో దింపారు. ఒకడు బాగానే ఉన్నాడు, మామ మీసాలు పట్టుకుని ఆడుతున్నాడు. రెండోది ఆడపిల్ల, రెండేళ్ళు. తల్లి పనికి పోయిన దగ్గర నుంచి ఏడుపే. బెల్లం పెట్టాను, కోడిపిల్లను చూపించాను, చివరికి కసిరాను కూడా. మానలేదు. నేను నలుగురిని కన్నదాన్ని. కానీ పొద్దంతా ఒక బిడ్డ పక్కన కూర్చోవడం నాకు ఎప్పుడూ కుదరలేదు. నాకు రాదు. ఆ పిల్లను ఎట్లా ఊరుకోబెట్టాలో వెంటనే రాయి.

ఆదెమ్మ


నంద్యాల,
15 జనవరి 1980.

అత్తమ్మకు,

మీ ఉత్తరం వచ్చిన రోజే జవాబు రాస్తున్నాను. ఆయన చేతికిచ్చి, రేపు ఆళ్లగడ్డ పోయే బస్సులో పంపుతాను.

మొదట తల్లికి చెప్పండి. బిడ్డ అటు తిరిగినప్పుడు దొంగచాటుగా జారిపోకూడదు. ఎదురుగా కూర్చుని, "పోయి, పొద్దుగూకేలోపల వస్తా," అని చెప్పి పోవాలి. అప్పుడు ఏడుపు ఇంకా పెద్దదవుతుంది. కానీ రెండో రోజు, మూడో రోజు, తల్లి చెప్పినట్టే వచ్చిందని బిడ్డకు అర్థమవుతుంది. చెప్పకుండా పోతే బిడ్డ రోజంతా వాకిలే చూస్తూ ఉంటుంది.

ఏడుస్తున్నంతసేపూ ఏమీ పెట్టకండి, ఏమీ చూపించకండి. కసరవద్దు. ఎత్తుకోనివ్వకపోతే ఎత్తుకోకండి. పక్కన కూర్చుని మీ పని మీరు చేసుకోండి. చేటలో శనక్కాయలు వేసుకుని ఒలవండి. కాసేపటికి ఏడుస్తూనే దగ్గరికి వస్తుంది. ఒక కాయ తీసుకుని మీ చేతిలో పెడుతుంది. ఒలిచి, పప్పు బిడ్డ చేతిలో పెట్టండి. మాట్లాడకండి. ఇంకొకటి ఇస్తుంది. ఆ పని బిడ్డదే అన్నట్టు చేయనివ్వండి. నాలుగైదు రోజులు పడుతుంది, అంతకు మించి పట్టదు. పప్పు మాత్రం గొంతుకు అడ్డం పడకుండా నలిపి ఇవ్వండి.

ఇక్కడ ఇప్పుడు ఐదుగురు. కొత్తగా వచ్చిన ఇద్దరి తల్లులతోనూ వాకిట్లో నిలబడి నేనే మాట్లాడాను. ఆయన వెనుక నుంచి విని, "మా డిపో మేనేజరు గూడా ఇన్ని రూల్సు సెప్పడు," అన్నారు.

ఒక్కటి మరిచిపోయాను. వారం రోజుల తర్వాత ఒక సాయంత్రం తల్లి వస్తుంది. బిడ్డ మీ కొంగు పట్టుకుని వదలదు, తల్లి దగ్గరికి పోనంటుంది. ఆ తల్లి ముఖం చిన్నబోతుంది. అప్పుడు మీరు నవ్వకూడదు. సంతోషపడినట్టు కనపడకూడదు. బిడ్డను ఆమె చేతికి ఇచ్చి, ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళిపోవాలి. నేను అట్లాగే చేస్తాను. పొయ్యి దగ్గరికి వెళ్ళి, అక్కడ ఒక్కదాన్నే నిలబడి సంతోషపడతాను.

మీ కోడలు
లూదియా